నాన్న దుబాయ్ పోలేదు: జైలు బయట మిగిలిన పిల్లలు

నాతో పాటు నాలుగో తరగతి చదివిన ఒక పిల్లవాడి తండ్రి దుబాయ్‌లో ఉన్నాడని మా వాడలో పిల్లలమంతా నమ్మేవాళ్లం. ఏడాదిన్నర గడిచినా ఆ ఇంటికి దుబాయ్ నుంచి డబ్బు రాలేదు, ఫోను రాలేదు, సెంటుబుడ్డి కూడా రాలేదు. ఆయన జైల్లో ఉన్నాడని పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆ పిల్లవాడికీ తెలుసట. ఆ సంగతి చాలా ఏళ్ల తర్వాత, మేం డిగ్రీలో ఉన్నప్పుడు అతనే చెప్పాడు. తనకు తెలిసిపోయిందని తెలిస్తే అమ్మ ఇంకా ఏడుస్తుందని ఏమీ తెలియనట్టే ఉండిపోయాడు. కొడుకు కోసం తల్లి అబద్ధమాడింది, తల్లి కోసం కొడుకు ఆ అబద్ధాన్ని నమ్మినట్టు నటించాడు. తండ్రి గురించి ఆ ఇంట్లో ఒక్క నిజమైన మాట కూడా లేకుండా ఏడాదిన్నర గడిచింది.

తల్లో తండ్రో జైలుకు వెళ్లిన పిల్లల మానసిక ఆరోగ్యం గురించి చదివేటప్పుడల్లా నాకు ఆ ఇల్లే గుర్తొస్తుంది. ఈ విషయం మీద తెలుగులో దొరికేది చాలా తక్కువ. వాడల్లో, తండాల్లో, కాలనీల్లో పనిచేసేవాళ్లకు, సామాజిక శాస్త్రాలు చదివే విద్యార్థులకు పనికొస్తుందని తెలిసినంత వరకు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

లెక్కలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా జైళ్ల గణాంకాలు వేస్తుంది. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది, అంటే నూటికి దాదాపు 76 మంది, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. మహిళలు 23,772 మంది. వాళ్లలో 1,537 మంది తల్లుల దగ్గర 1,764 మంది పిల్లలు జైలు లోపలే ఉన్నారు.

పిల్లల గురించి ఆ నివేదిక లెక్క అక్కడితో సరి. జైల్లో ఉన్న ఐదున్నర లక్షల మంది మగవాళ్లలో ఎంతమందికి పిల్లలున్నారు, ఆ పిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారు, బడికి వెళ్తున్నారా అన్న ప్రశ్నలకు అందులో గడులే లేవు. ఖైదీల్లో అత్యధికులు 18 నుంచి 50 ఏళ్ల మధ్యవాళ్లు. అంటే చిన్నపిల్లలకు తల్లిదండ్రులుగా ఉండే వయసు. బయట మిగిలిన పిల్లల సంఖ్య లక్షల్లో ఉంటుందని ఊహించడానికి పెద్ద గణితం అక్కర్లేదు. లోపలున్న 1,764 మందికి ఒక పట్టిక ఉంది. బయటున్న లక్షల మందికి ఒక వరుస కూడా లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ కులాల వాటా 16.6 శాతం. జైళ్లలో అది 20 శాతం పైనే. ఖైదీల్లో సుమారు మూడింట రెండొంతుల మంది పదో తరగతి దాటనివాళ్లు. కాబట్టి ఈ కనిపించని పిల్లలు ఏ వాడల్లో ఎక్కువగా ఉంటారో చెప్పనక్కర్లేదు. ఊళ్లో గొడవ జరిగి మనవాళ్లు అట్రాసిటీ కేసు పెడితే, అవతలివాళ్లు పెట్టే కౌంటర్ కేసులో జైలుకు వెళ్లే తండ్రులు మన కార్యకర్తలందరికీ తెలుసు. ఆ కేసులో బాధితుడి గురించి కరపత్రాలు వేస్తాం. ఆయన రిమాండ్‌లో ఉన్నన్నాళ్లు ఇంట్లో పిల్లలు ఎలా పడుకుంటున్నారో ఎవరం అడగం. నేనూ అడగలేదు.

ఆరేళ్ల దాకా ఒక చట్టం

పిల్లల గురించి మన న్యాయస్థానాలు మాట్లాడిన ముఖ్యమైన తీర్పు పేరులోనే మన రాష్ట్రం ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. తల్లితో జైల్లో ఉన్న పిల్లను ఖైదీగా చూడకూడదు. వీలైనంత వరకు కాన్పు జైలు బయట జరగాలి. జైల్లో పుట్టినా జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు. పిల్లలకు వేరే తిండి, వైద్యం, శిశుసంరక్షణ కేంద్రం, బడి ఉండాలి. ఆరేళ్లు నిండే వరకు తల్లి దగ్గర ఉండనివ్వాలి. ఆరేళ్లు నిండాక తల్లి ఇష్టప్రకారం బంధువులకో, సంక్షేమ వసతి గృహానికో అప్పగించాలి. తర్వాత కూడా తల్లిని కలిసే వీలుండాలి.

ఆ తీర్పులో జైళ్లలోని పిల్లల మీద చేసిన అధ్యయనాల ప్రస్తావన ఉంది. బయటి లోకం తెలియక కుక్కల్ని, పిల్లుల్ని చూసి భయపడే పిల్లల గురించి, ఆడవాళ్ల మధ్యే పెరిగి ఆడపిల్లల్లా మాట్లాడే మగపిల్లల గురించి తీర్పులో రాశారు. హిందీలో ‘వెళ్తున్నాను’ అనే మాటలోనే ఆడామగా తేడా వినిపిస్తుంది కాబట్టి అక్కడ ఆ సంగతి బయటపడింది. తెలుగులో ఆ మాటకు లింగం లేదు. మన జైళ్లలో పిల్లల మీద పడే ముద్ర ఇంత సులువుగా చెవికి దొరకదు.

తీర్పు మంచిదే. కానీ అది ప్రధానంగా లోపలున్న పిల్లల గురించి. ఆరో పుట్టినరోజు దాటిన పిల్ల, తండ్రి జైల్లో ఉన్న పిల్ల దాని చూపుకు ఆనరు. ఆరేళ్ల పిల్లను తల్లి నుంచి వేరుచేసే ఆ రోజుకు బిడ్డను, తల్లిని ముందుగా సిద్ధం చేసే పద్ధతి ఏదీ అనుభవంలో కనపడదు. పుట్టినప్పటి నుంచి ఒక్క రాత్రి కూడా తల్లిని వదలని పిల్లకు అది రెండో అరెస్టు లాంటిది.

మనసులో ఏం జరుగుతుంది

తండ్రి చనిపోతే ఏడవడానికి ఒక పద్ధతి ఉంది. చుట్టాలు వస్తారు, పెద్దకర్మ చేస్తారు, టీచరు తల నిమురుతుంది. తండ్రి జైలుకు వెళ్తే ఇవేవీ ఉండవు. మనిషి ఉన్నాడు, కానీ లేడు. అమెరికన్ పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970లలో ఇలాంటి స్థితికి ఒక పేరు పెట్టారు. తెలుగులో ‘తేలని నష్టం’ అనుకోవచ్చు. యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాల నుంచి వచ్చిన ఆలోచన అది. కెన్నెత్ డోకా 1989లో మరో సంగతి చెప్పారు: సమాజం ఒప్పుకోని దుఃఖం, నలుగురిలో ఏడ్చే హక్కు లేని దుఃఖం. మన పిల్లలకు ఈ రెండూ కలిసి వస్తాయి.

విచారణ ఖైదీల పిల్లల్లో ఇది ఇంకా బరువుగా ఉంటుంది. శిక్ష పడితే కనీసం లెక్కపెట్టడానికి ఇన్నేళ్లని ఒక అంకె ఉంటుంది. రిమాండ్‌కు అంతు తెలియదు. రెండు వారాలకోసారి పొడిగింపు, వాయిదా, మళ్లీ వాయిదా. ‘ఈ వాయిదాకు నాన్న వచ్చేస్తాడు’ అని అమ్మ ప్రతిసారీ చెబుతుంది. నాలుగైదు సార్లు అలా అయ్యాక పిల్లలు అడగడం మానేస్తారు. ఇంట్లో వాళ్లు దాన్ని ‘అలవాటు పడ్డాడు’ అంటారు. చాలాసార్లు అది అలవాటు కాదు.

వయసును బట్టి లక్షణాలు మారతాయి. మూడు నాలుగేళ్ల పిల్లలు మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలుపెడతారు, అమ్మ కొంగు వదలరు. బడికి వెళ్లే వయసు పిల్లలకు పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి. ఆర్‌ఎంపీ డాక్టరు నులిపురుగుల మందు ఇస్తాడు, తగ్గదు. పదీ పన్నెండేళ్ల పిల్లలు కథలు అల్లుతారు, దుబాయ్ కథ అందులో ఒకటి. యుక్తవయసు పిల్లల్లో కోపం, బడి మానేయడం, లేదా దానికి పూర్తిగా తిరగబడి ఇంటి పెద్దగా మారిపోవడం. ఆడపిల్లలకైతే త్వరగా పెళ్లి చేసి పంపెయ్యాలనే తొందర కూడా తోడవుతుంది: ‘తండ్రి జైల్లో ఉన్నాడని తెలిస్తే ఎవడు చేసుకుంటాడు?’

అరెస్టు కళ్లెదుట జరిగితే దాని జ్ఞాపకం వేరు. తెల్లవారుజామున తలుపు తన్నడం, నాన్నను చొక్కా పట్టుకుని లాక్కెళ్లడం, అమ్మను బూతులు తిట్టడం చూసిన పిల్లలు తర్వాత నెలల తరబడి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతారు. కలల్లో అరుస్తారు. నాన్నే అన్నిటికన్నా బలమైనవాడనుకునే వయసులో నాన్న చేతులు కట్టేసి ఉండటం చూడటం మామూలు విషయం కాదు. వాడ పిల్లలకు ఆ తిట్టు కులం పేరుతో వినిపిస్తుంది. తన కులం గురించి లోకం ఏమనుకుంటుందో కొందరు పిల్లలు మొదటిసారి తెలుసుకునేది అప్పుడే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దీన్ని మనం పెద్దగా రాయం. తాగి కొట్టే తండ్రి జైలుకు వెళ్తే కొందరు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. రాత్రిళ్లు నిద్రపడుతుంది. ఆ తర్వాత, నాన్న లేకపోతే హాయిగా ఉన్నందుకు తప్పు చేసినట్టు లోలోపల కుమిలిపోతారు. ప్రతి ఖైదు పిల్లలకు కేవలం నష్టమే అని ముందే తీర్మానించుకుని వెళ్తే ఈ పిల్లలు మనతో మాట్లాడరు.

‘దొంగ కొడుకు’ అనే శాస్త్రం

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటుంది. ఖైదీల పిల్లలకు హాని జరుగుతుందని చెప్పబోయి, వాళ్లూ నేరస్థులవుతారని చెప్పేసే ప్రమాదం ఉంది. ఆ మాట మన నేల మీద కొత్తది కాదు. 1871 నేరస్థ తెగల చట్టం నేరం రక్తంలో ఉంటుందన్న నమ్మకం మీదే నిలబడింది. 1897 సవరణ ఇంకో అడుగు వేసింది: 4 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే సెటిల్‌మెంట్లలో పెట్టే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటి సెటిల్‌మెంట్‌గా పుట్టిన ఊరే. సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఆ ఊరిలో ఎరుకల కుటుంబాలు పోలీసు హాజరు మధ్య బతికాయి. మద్రాసు రాష్ట్రంలో ఈ కుటుంబాలకు ఏం జరిగిందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ పుస్తకంలో వివరంగా రాశారు. చట్టం 1952లో రద్దయింది. ‘స్టువర్టుపురం’ అనే మాట తెలుగు సినిమాల్లో, ఊరి ముచ్చట్లలో ఇప్పటికీ దొంగ అనే అర్థంలోనే వాడుతున్నారు. ఆ ఊరి పిల్లలు బడిలో చిరునామా చెప్పడానికి ఎందుకు తటపటాయిస్తారో అర్థం చేసుకోవడానికి మనస్తత్వశాస్త్రం డిగ్రీ అవసరం లేదు.

పరిశోధన నిజంగా ఏం చెబుతోంది? జోసెఫ్ మర్రే, డేవిడ్ ఫారింగ్టన్, ఇవానా సెకోల్ 2012లో 40 అధ్యయనాల్ని కలిపి చూశారు. తల్లిదండ్రుల ఖైదుకు, పిల్లల దుడుకు ప్రవర్తనకు సంబంధం కనిపించింది. కానీ మానసిక అనారోగ్యం, మత్తుమందులు, చదువులో వెనకబాటు, ఈ మూడింటితో స్పష్టమైన సంబంధం తేలలేదు. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాలవని గుర్తుపెట్టుకోవాలి. ఖైదు ప్రభావం ఎంత, ఖైదుకు ముందే ఆ ఇంట్లో ఉన్న పేదరికం, పోలీసు నిఘా, వెలి ప్రభావం ఎంత అని విడదీయడం ఎప్పుడూ కష్టమే.

నాకు ఇంకా విలువైనదిగా తోచింది మర్రే బృందం 2007లో చేసిన పోలిక. ఇంగ్లండ్‌లో ఖైదీల కొడుకుల్లో తర్వాతి కాలంలో నేరాల ముప్పు ఎక్కువగా కనిపించింది, ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నా అది పోలేదు. 1953లో పుట్టిన స్టాక్‌హోం పిల్లల్ని చూస్తే, తల్లిదండ్రుల నేరచరిత్రను లెక్కలోకి తీసుకున్నాక ఖైదు వల్ల ప్రత్యేకంగా పెరిగిన ముప్పు కనిపించలేదు. స్వీడన్‌లో శిక్షలు చిన్నవి, కుటుంబంతో కలిసే అవకాశాలు ఎక్కువ, బయట మిగిలినవాళ్లకు సంక్షేమం ఉంది, సమాజం వాళ్లను అంత నీచంగా చూడదు. ఇవి కారణాలు కావచ్చని పరిశోధకులు అన్నారు. అంటే పిల్లవాడి గతి వాడి రక్తంలో లేదు. బెయిలు ఎంత త్వరగా దొరికింది, ములాఖత్ ఎలా జరిగింది, ఇంటికి బియ్యం వచ్చాయా, టీచరు ఏమంది అన్నవాటిలో ఉంది.

ఇల్లు నడిచే తీరు

భర్త చనిపోతే వితంతు పింఛను ఉంటుంది. తెలంగాణలో ఒంటరి మహిళలకు వేరే పింఛను ఉంది. భర్త జైల్లో ఉన్న ఆడమనిషి ఈ రెండు గడుల్లోనూ పట్టదు. ఆమె కూలికి వెళ్లాలి, లాయరు చుట్టూ తిరగాలి, కోర్టుకు వెళ్లాలి, జైలుకు వెళ్లాలి. వాయిదా రోజు కూలి పోతుంది. పెద్దపిల్ల బడి మాని చిన్నవాళ్లను చూస్తుంది. తల్లి జైలుకు వెళ్తే ఇల్లే విడిపోతుంది: ఒకరు అమ్మమ్మ దగ్గర, ఒకరు మేనత్త దగ్గర, పెద్దవాడు హాస్టల్లో. అన్నదమ్ములు విడిపోవడం కూడా ఒక నష్టమని ఎవరూ గుర్తించరు.

జైలు దూరం కూడా పిల్లల మానసిక ఆరోగ్యంలో భాగమే. 2021లో ఆసుపత్రి కట్టడం కోసం వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఖాళీ చేసి ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ వంటి చోట్లకు తరలించారు. ఆసుపత్రి మంచిదే. కానీ ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే ఒక కుటుంబానికి ములాఖత్ అంటే హైదరాబాద్ ప్రయాణమైంది. నలుగురికి బస్సు చార్జీలు పెట్టుకోలేక తల్లి ఒక్కతే వెళ్తుంది. పిల్లలు నాన్నను చూడటం మానేస్తారు. వెళ్లినా, గంటల తరబడి నిలబడి, జాలీ అవతల నుంచి, అందరి అరుపుల మధ్య కొన్ని నిమిషాలు. మన్యంలో గంజాయి మూటలు మోసి పట్టుబడిన ఆదివాసీల సంగతి ఇంకా కష్టం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అప్పుడు మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ కింద బెయిలు దాదాపు దొరకదు. సరుకు ఎవరిదో వాడు బయటే ఉంటాడు, కూలికి మోసినవాడి పిల్లలు కొండ మీద ఎదురుచూస్తారు.

గల్ఫ్ జైళ్లది ఇంకో అధ్యాయం. సిరిసిల్ల ప్రాంతం నుంచి వెళ్లి 2005 నాటి కేసులో దుబాయ్ జైల్లో మగ్గినవాళ్లలో కొందరు 2024 ఫిబ్రవరిలో ఇంటికొచ్చారు. దాదాపు 18 ఏళ్లు. తండ్రి వెళ్లేనాటికి చంకలో ఉన్న బిడ్డ ఆ లెక్కన ఓటు వేసే వయసుకొస్తుంది. మా ఊరి ‘దుబాయ్’ అబద్ధం వాళ్ల విషయంలో నిజమే అయినా, ఆ నిజం కూడా జైలే.

చేతిలో ఉన్నవి

పనిచేసేవాళ్ల కోసం కొన్ని సంగతులు. మొదటిది బెయిలు, ఎందుకంటే పిల్లలకు అన్నిటికన్నా మంచి మందు అదే. 1978లో మోతీరాం కేసులో ఒక తాపీ మేస్త్రీకి పదివేల జామీను అడిగినందుకు జస్టిస్ కృష్ణయ్యర్ కోర్టులనే నిలదీశారు. జామీను ఇచ్చేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2023లో కేంద్రం తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం కింద విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి 25,000 వరకు ఇవ్వవచ్చని మొదట నిర్ణయించారు. దీని గురించి చాలామంది లాయర్లకే తెలియదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం తొలిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిపితే విడుదల కావాలి. కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ది. మరణశిక్షకు, యావజ్జీవానికి వీలున్న నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కన్నా ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉన్నా వర్తించదు. ‘పాత నేరస్థుడి’గా ముద్రపడ్డ కులాల, తెగల మనుషులు అక్కడే ఆగిపోతారు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

డబ్బు సాయానికి మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకు పిల్లకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. మార్గదర్శకాల్లో ఖైదీల పిల్లలు అని విడిగా రాయకపోయినా, ఆర్థికంగా, శారీరకంగా పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు అన్న మాట ఉంది. ఆ మాట పట్టుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అర్జీ పెట్టాలి. రిమాండ్ పత్రం నకలు జతచేయండి. ఢిల్లీ 2014లో ఖైదీల పిల్లల కోసమే ఒక పథకం తెచ్చింది. కేరళలో చదువు సాయం ఉంది. రాజస్థాన్ పాలన్‌హార్ పథకంలోనూ వీళ్లున్నారు, కానీ తల్లిదండ్రులకు మరణశిక్షో యావజ్జీవమో పడితేనే. 2022 చివరికి నూటికి 76 మంది విచారణలోనే ఉన్న దేశంలో ఆ షరతు ఎంతమందిని వదిలేస్తుందో చూడండి. తెలుగు రాష్ట్రాల్లో మనం పథకం అడిగేటప్పుడు ఆ తప్పు రాకుండా చూసుకోవాలి.

బాలల సంక్షేమ కమిటీ దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. అమ్మమ్మ దగ్గర బాగానే ఉన్న పిల్లను ‘సంరక్షణ అవసరమైన బిడ్డ’ అని చెప్పి హోంకు పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మనం అడగాల్సింది పిల్లను తీసుకెళ్లమని కాదు, ఉన్నచోటే సాయం చేయమని.

పిల్లలతో మాట్లాడటం గురించి. 2013లో అమెరికాలో సెసమీ స్ట్రీట్ కార్యక్రమం జైల్లో నాన్న ఉన్న ఒక బొమ్మ పిల్లవాణ్ని పరిచయం చేసింది. పిల్లలకు నిజాన్ని వాళ్ల వయసుకు తగ్గ మాటల్లో చెప్పాలన్నదే దాని సారం. ‘నాన్న జైలు అనే చోట ఉన్నాడు. కోర్టు చెప్పే దాకా రాలేడు. అది నీ వల్ల కాదు. ఆదివారం ఉత్తరం రాద్దాం.’ చిన్నపిల్లలకు ఇంతే చాలు. ఎప్పుడొస్తాడని అడిగితే, తెలియకపోతే తెలియదనే చెప్పాలి. భారతదేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం కూడా, నిర్బంధంలో ఉన్న తల్లిదండ్రులు ఎక్కడున్నారో పిల్లలకు చెప్పాల్సిన బాధ్యత రాజ్యానిదేనని అంటుంది. ఆ సమాచారం పిల్లకు హాని చేస్తుందనుకుంటేనే మినహాయింపు. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, చచ్చిపోతానన్న మాటలు వారాల తరబడి ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. పిల్ల ప్రమాదంలో ఉంటే 1098.

బడి విషయానికి వస్తే, అక్కడ మనం చేయగలిగింది చిన్నదే కానీ ఫలితం పెద్దది. కుల ధ్రువపత్రానికి, గురుకులం దరఖాస్తుకు తండ్రి ఆధార్, సంతకం అడిగినప్పుడు పిల్ల నలుగురిలో సమాధానం చెప్పాల్సి వస్తుంది. తల్లి సంతకం చాలని ఆఫీసులో గట్టిగా మాట్లాడటానికి ఒక పెద్దమనిషి వెంట వెళ్తే ఆ నిమిషం తప్పుతుంది. హెడ్మాస్టర్‌కు ఒక్కరికే విడిగా చెప్పి, తరగతిలో ప్రస్తావించవద్దని అడగండి. మొన్న మా మిత్రుడి ఫోన్ వచ్చింది. ఇప్పుడతను ప్రభుత్వ బడిలో టీచరు, దుబాయ్ కథ చెప్పిన ఆ పిల్లవాడే. కొత్తగా చేరిన పిల్లల వివరాలు రాసుకునేటప్పుడు ‘నాన్న ఏం చేస్తాడు’ అని అడగడం మానేశాడట. ‘ఇంట్లో నిన్ను ఎవరు చూసుకుంటారు’ అని అడుగుతున్నాడు.